ఎంపీసీనా, బైపీసీనా: ఏది తీసుకుంటే ఏ కాలేజీ తలుపు మూసుకుపోతుంది?

వైరారోడ్డు
మా అమ్మాయి ఈ ఏడాది పది పాసైంది. లెక్కల్లో, సైన్సులో రెండిట్లోనూ మంచి మార్కులే. రిజల్ట్ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఇదే గొడవ. మా ఆయన ఎంపీసీ తప్ప ఇంకో మాట ఎత్తనివ్వరు. కంప్యూటర్స్ చేస్తే ఇరవై రెండేళ్లకల్లా తన కాళ్ల మీద తను నిలబడుతుందంటారు. పిల్లకేమో బయాలజీ అంటే ప్రాణం. అనువంశికత పాఠం చదివినప్పటి నుంచి మెండెల్, బఠాణీ మొక్కలు, డీఎన్ఏ తప్ప ఇంకో ముచ్చట లేదు. అలాగని డాక్టర్ చదువు మాత్రం వద్దే వద్దంటుంది.

సంక్రాంతి ముందు నుంచే కాలేజీల పీఆర్వోలు ఫోన్లు చేస్తున్నారు. ఒకాయన బైపీసీ అంటే నీట్ ఒక్కటే, సీటు రాకపోతే పిల్ల జీవితం ఏంటని భయపెట్టాడు. ఇంకొకాయన ఎంపీసీలో చేరితే బయాలజీ మాట మర్చిపోవాల్సిందేనన్నాడు. ఇందులో ఎంత నిజం? బైపీసీకి నీట్ కాక ఏమేం ఉన్నాయి? ఎంపీసీ చదివినవాళ్లు మళ్లీ బయాలజీ వైపు రావచ్చా? మాది ఖమ్మం, స్టేట్ సిలబస్.

రెండోబెంచి
ఎంపీసీ. ఇంకేం ఆలోచించకండి.

హనుమకొండ77
రెండోబెంచి చెప్పిందే నా మాట కూడా, కారణం నేను చెప్తా. ఎంపీసీ చదివిన పిల్ల ఇంజనీరింగ్‌కు వెళ్లొచ్చు, ఆర్కిటెక్చర్‌కు వెళ్లొచ్చు. బీఫార్మసీకి కూడా ఎంపీసీ వాళ్లను తీసుకుంటారు. క్లాట్ రాసి లా చేయొచ్చు, సీఏ చేయొచ్చు, ఫ్యాషన్, డిజైన్ చదువులకు నిఫ్ట్‌కో ఎన్ఐడీకో వెళ్లొచ్చు. ఎన్‌డీఏలో నేవీ, ఎయిర్‌ఫోర్స్ కావాలంటే ఇంటర్లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాల్సిందే. పదిహేనేళ్ల పిల్లకు ఇష్టాలు మారతాయి. మారినప్పుడు దారి ఉండాలంటే ఎంపీసీయే.

పొలంగట్టు
@హనుమకొండ77 సగమే చెప్పారు. రాష్ట్ర ఎంట్రన్స్ ఈఏపీసెట్‌లో ఎంపీసీతో బీఎస్సీ అగ్రికల్చర్ రాదు. హార్టికల్చర్ రాదు, వెటర్నరీ రాదు, ఫిజియోథెరపీ రాదు. నేను బైపీసీ చదివి బాపట్లలో బీఎస్సీ ఏజీ చేశా, ఇప్పుడు వ్యవసాయ శాఖలో ఉన్నా. నాకు నీట్‌తో పనే పడలేదు. ఈఏపీసెట్‌లో అగ్రికల్చర్ విభాగం రాస్తే చాలు. 160 ప్రశ్నలు, అందులో 80 బయాలజీయే.

పైగా పిల్లకు ఇష్టం జెనెటిక్స్ అంటున్నారు. అగ్రికల్చర్‌లో జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్ అని పెద్ద విభాగమే ఉంది. మన పొలాల్లో పండే వరి రకాలు చాలావరకు ఆ సైంటిస్టుల చేతుల్లోంచి వచ్చినవే. బీపీటీ 5204, జనం సాంబమసూరి అనేది, బాపట్లలో పుట్టిన విత్తనం. ఆ బీపీటీ బాపట్లే. మెండెల్ బఠాణీ గింజలతో చేసింది వరితో చేయాలనుకుంటే అంతకన్నా మంచి చోటు ఏముంది?

వైరారోడ్డు
@పొలంగట్టు గారూ, ఇది మా అమ్మాయికి చదివి వినిపించా. ఇందాకటి నుంచి సాంబమసూరి గురించి వెతుకుతోంది. ఇంట్లో తినేది కూడా అదే కదా అని దాని ఆశ్చర్యం.

కొత్తపల్లి_కుర్రాడు
అన్నంలో కూడా సిలబస్ వెతికే పిల్ల అంటే బైపీసీ రాసిపెట్టి ఉన్నట్టే 😀

లెక్కలసార్
ప్రభుత్వ జూనియర్ కాలేజీలో గణితం చెబుతున్నా. ఏటా జూన్‌లో ఇదే మాట వంద మంది తల్లిదండ్రులతో మాట్లాడతా. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

గ్రూపు ఎంచుకునేటప్పుడు అందరూ "దీంతో ఏమేం వస్తాయి" అని అడుగుతారు. దాంతో పాటు "దీంతో ఏమేం రావు" అని కూడా అడగండి. కోర్సు నోటిఫికేషన్‌లో అర్హత అని ఒక పేరా ఉంటుంది. ఇంటర్లో ఏ సబ్జెక్టు ఉండాలో అక్కడే రాసి ఉంటుంది. పీఆర్వో చెప్పేదానికన్నా ఆ పేరా ముఖ్యం.

మ్యాథ్స్ లేకపోతే మూసుకుపోయేవి: జేఈఈ ద్వారా ఎన్ఐటీ, ఐఐటీ బీటెక్ సీట్లు, బీఆర్క్, ఈఏపీసెట్‌లో కంప్యూటర్స్, సివిల్, మెకానికల్ లాంటి బ్రాంచీలు, డిగ్రీలో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్. బయాలజీ లేకపోతే మూసుకుపోయేవి: ఎంబీబీఎస్, బీడీఎస్, ఆయుర్వేదం, హోమియో, వెటర్నరీ, ఈఏపీసెట్‌తో వచ్చే బీఎస్సీ అగ్రికల్చర్.

ఇక రెండు గ్రూపులకూ తెరిచి ఉండేవి ఉన్నాయి, వాటి గురించి ఎవరూ చెప్పరు. ఈఏపీసెట్ బైపీసీ కౌన్సెలింగ్‌లో ఫార్మసీ ఒక్కటే ఉండదు. బయోటెక్నాలజీ, బయోమెడికల్, ఫార్మాస్యూటికల్ ఇంజనీరింగ్ లాంటి బీటెక్ బ్రాంచీలు కూడా ఉంటాయి. కాలేజీలు తక్కువ, కానీ ఉన్నాయి. అటువైపు ఎంపీసీ వాళ్లకు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే అగ్రికల్చరల్ ఇంజనీరింగ్, ఫుడ్ టెక్నాలజీ ఉన్నాయి. తెలంగాణలో సంగారెడ్డి దగ్గర కందిలో, రుద్రూరులో ఆ కాలేజీలు నడుస్తున్నాయి.

ఇంకో సంగతి. తెలంగాణ ఈఏపీసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ 2023 నుంచి తీసేశారు, ర్యాంకు పూర్తిగా పరీక్షదే. ఏపీలో 25 శాతం వెయిటేజీ ఉంది, అదీ గ్రూపు సబ్జెక్టుల మార్కులకే. ఇది తెలియక ఇక్కడి పిల్లలు అక్కడి లెక్కలు వేసుకుంటూ టెన్షన్ పడుతుంటారు.

రెండోబెంచి
సార్, వెయిటేజీ లేదంటే ఇంటర్ మార్కులతో పనే లేదా? మా తమ్ముడు అదే పట్టుకుని కూర్చున్నాడు, పాసైతే చాలంటాడు.

లెక్కలసార్
పని ఉంది. ఈఏపీసెట్‌కు గ్రూపు సబ్జెక్టుల్లో కనీసం 45 శాతం కావాలి, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40. ఎన్ఐటీలు, ఐఐటీలకైతే ఇంటర్లో మొత్తం 75 శాతం కావాలి, లేదంటే మన బోర్డు టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పై 20 శాతం మందిలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం. బిట్స్ పిలానీ, హైదరాబాద్ క్యాంపస్‌తో సహా, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడిట్లో కలిపి 75, విడివిడిగా ఒక్కోదాంట్లో 60 అడుగుతుంది. మీ తమ్ముణ్ని పుస్తకం తీయమనండి.

ఐసర్_మెస్‌హాల్
వైరారోడ్డు ఆంటీ, మీ అమ్మాయి చెప్పేది నా కథలాగే ఉంది. నేను తిరుపతి ఐసర్‌లో బీఎస్-ఎంఎస్ చేస్తున్నా, మేజర్ బయాలజీ.

ఐసర్లు, అంటే సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్రం పెట్టిన సంస్థలు, దేశంలో ఏడున్నాయి: పుణె, కోల్‌కతా, మొహాలీ, భోపాల్, తిరువనంతపురం, తిరుపతి, బరంపురం. అయిదేళ్ల కోర్సు, చివర్లో మాస్టర్స్ వస్తుంది. ఐఏటీ అనే పరీక్ష రాయాలి. మొత్తం 60 ప్రశ్నలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ తలా 15. ఇంటర్లో ఈ నాలుగింట్లో ఏ మూడు ఉన్నా రాయొచ్చు. అంటే ఎంపీసీ వాళ్లూ రావచ్చు, బైపీసీ వాళ్లూ రావచ్చు. మా బ్యాచ్‌లో రెండు గ్రూపులవాళ్లూ ఉన్నారు.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా. నేను బైపీసీ నుంచి వచ్చా. ఇంటర్లో మా కాలేజీ వాళ్లు మ్యాథ్స్ పుస్తకం ముట్టుకోనివ్వలేదు, నీట్‌కు అక్కర్లేదు కాబట్టి. ఐఏటీలో ఆ 15 ప్రశ్నలు దాదాపు వదిలేశా. ఇక్కడికి వచ్చాక మొదటి ఏడాది అందరికీ మ్యాథ్స్ ఉంటుంది, డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ అన్నీ మొదటి నుంచి నేర్చుకున్నా. ఇప్పుడు జెనెటిక్స్ అంటే సగం స్టాటిస్టిక్స్, సగం కోడింగ్. జన్యువుల డేటా అంతా కంప్యూటర్‌లోనే చూడాలి. బయాలజీ అంటే ఇష్టం ఉన్న పిల్లకు మ్యాథ్స్ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

బెంగళూరు ఐఐఎస్సీ సంగతి ఇంకా గమ్మత్తు. అక్కడి బీఎస్ కోర్సుకు ఐఏటీ ర్యాంకుతో కూడా తీసుకుంటారు, కానీ ఇంటర్లో మ్యాథ్స్ ఉండాలని అర్హతలో ఉంది. మామూలు బైపీసీ పిల్లకు ఐఏటీలో ఎంత ర్యాంకొచ్చినా ఆ తలుపు తెరుచుకోదు. నా ఫ్రెండ్ ఒకమ్మాయికి ఈ సంగతి అప్లికేషన్ పేజీలో తెలిసింది. ఇంటర్ మొదట్లో చెప్పేవాళ్లు ఉండి ఉంటే బాగుండేది.

వైరారోడ్డు
బాబూ, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం. మరి మ్యాథ్స్, బయాలజీ రెండూ కలిపి చదివే గ్రూపు లేదా?

ఎర్రమట్టి
ఏపీలో ఉంది. 2025-26 ఫస్టియర్ నుంచి ఇంటర్ మార్చారు. ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చారు, మ్యాథ్స్ ఏ, బీ పేపర్లు కలిపి ఒకటి చేశారు, బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ చేశారు. దాంతో పాటే ఎంబైపీసీ పెట్టారు. అనంతపురంలో మా మేనల్లుడు అదే తీసుకున్నాడు. తెలంగాణ సంగతి అక్కడివాళ్లు చెప్పాలి.

లెక్కలసార్
స్టేట్ బోర్డులో అయితే మన దగ్గర పాత గ్రూపులే. సీబీఎస్ఈలో మాత్రం పీసీఎంబీ, అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ నాలుగూ ఉండే గ్రూపు, చాలా కాలంగా ఉంది. స్టేట్ బోర్డులోనే ఉండాలనుకుంటే ఇంకో దారి. బైపీసీ పాసైనవాళ్లు తర్వాత మ్యాథ్స్ ఒక్కటీ అడిషనల్‌గా రాసుకోవచ్చు. ఎంపీసీ వాళ్లు ఎన్ఐఓఎస్ అనే ఓపెన్ స్కూల్లో బయాలజీ ఒక్క సబ్జెక్టు రాసుకోవచ్చు. అలా తర్వాత చదివిన బయాలజీ నీట్‌కు చెల్లుతుందా అని చాలా ఏళ్లు కోర్టుల్లో నలిగింది. 2023 నవంబర్‌లో నేషనల్ మెడికల్ కమిషన్ చెల్లుతుందని నోటీసు ఇచ్చింది. కాబట్టి ఎంపీసీలో చేరితే బయాలజీ మర్చిపోవాల్సిందేనన్న పీఆర్వో మాట తప్పు. బైపీసీ అంటే నీట్ ఒక్కటే అన్నది కూడా తప్పే.

వరంగల్‌బ్యాచ్
అందరూ తలుపులూ దారులూ అంటున్నారు, ఇల్లు గడిచే మాట ఎవరూ ఎత్తట్లేదు. ఐసర్‌లో అయిదేళ్లు, ఆ తర్వాత పీహెచ్‌డీ అయిదారేళ్లు. అంతదాకా చేతికి జీతం అనేది రాదు. మధ్యతరగతి ఇంట్లో అమ్మాయికి 28 ఏళ్లు వచ్చేదాకా చదివించడం అందరి వల్లా కాదు. వాళ్ల నాన్నది ఛాదస్తం అని ఎవరూ అనుకోవద్దు. ఆయన భయం నిజమైన భయం.

ఐసర్_మెస్‌హాల్
@వరంగల్‌బ్యాచ్ అన్నా, మీ మాట కొట్టిపారేయను. మా నాన్నది కిరాణా కొట్టు, ఇదే లెక్క మా ఇంట్లోనూ వేశారు. పీహెచ్‌డీలో ఫెలోషిప్ వస్తుంది, ఇంట్లోవాళ్లు పోషించాల్సిన పని ఉండదు. సీఎస్ఐఆర్-యూజీసీ జేఆర్ఎఫ్ అయితే 2023 నుంచి నెలకు 37,000, దానికి తోడు హాస్టల్ లేదా ఇంటద్దె. సాఫ్ట్‌వేర్ జీతం అంత కాదు, ఒప్పుకుంటా. కానీ చేతిలో రూపాయి లేకుండా ఉండే పరిస్థితి కాదు. ఎంఎస్ అయ్యాక పీహెచ్‌డీ వద్దనుకుని హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని బయోటెక్ కంపెనీల్లో ఉద్యోగాలకు వెళ్లిన సీనియర్లు కూడా ఉన్నారు.

వరంగల్‌బ్యాచ్
37 వేలు అని నాకు తెలియదు తమ్ముడూ. అయినా కంప్యూటర్స్‌కే నా ఓటు.

అంకెలు_ఆడిట్
ఈ చర్చలో ఎంఈసీ (మ్యాథ్స్, ఎకనామిక్స్, కామర్స్) పేరు ఒక్కరైనా ఎత్తుతారేమో అని చూస్తున్నా. వైరారోడ్డు గారి అమ్మాయికి వర్తించదులెండి, కానీ చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నా.

సీఏ చేయాలంటే ఏ గ్రూపైనా సరే. ఫౌండేషన్‌లో నాలుగు పేపర్లు: అకౌంటింగ్, బిజినెస్ లాస్, క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్, ఎకనామిక్స్. ఆ మూడో పేపర్‌లో మ్యాథ్స్, రీజనింగ్, స్టాటిస్టిక్స్ ఉంటాయి కాబట్టి మ్యాథ్స్ లేని సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) పిల్లల కంటే ఎంఈసీ పిల్లలకు తేలిక. ఢిల్లీ యూనివర్సిటీ అనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2022 నుంచి అక్కడ అడ్మిషన్ సీయూఈటీ అనే ఉమ్మడి ఎంట్రన్స్ ద్వారానే. పన్నెండులో చదివిన సబ్జెక్టుల్లోనే సీయూఈటీ రాయాలన్నది ఆ యూనివర్సిటీ షరతు. ఎకనామిక్స్ ఆనర్స్‌కు సీయూఈటీలో మ్యాథ్స్ తప్పనిసరి. అంటే ఎకనామిక్స్‌లో నూటికి నూరు తెచ్చుకున్న సీఈసీ పిల్లకు అక్కడ ఎకనామిక్స్ ఆనర్స్ సీటు రాదు, ఎకనామిక్స్ మొహమే చూడని ఎంపీసీ పిల్లకు రావచ్చు! మా చెల్లెలు సీఈసీ. ఎకనామిస్ట్ అవుతానని చిన్నప్పటి నుంచి కలలు కన్నది. ఈ ఒక్క నిబంధనతో ఢిల్లీ ఆగిపోయింది. ఇక్కడే డిగ్రీలో ఎకనామిక్స్ తీసుకుని బాగానే చదువుతోంది, కానీ ఆ ముచ్చట మా ఇంట్లో ఇప్పటికీ నొప్పే.

హనుమకొండ77
ఇందుకే నేను మొదటి నుంచీ మ్యాథ్స్ వదలొద్దంటున్నా.

పొలంగట్టు
మ్యాథ్స్ వదలొద్దు సరే. మ్యాథ్స్ అంటే వణికే పిల్లల మాటేంటి? మా కాలేజీలో నాతో చదివిన సగం మంది లెక్కలంటే భయపడి బైపీసీకి వచ్చినవాళ్లే, అందరూ బాగా స్థిరపడ్డారు. అన్ని తలుపులూ తెరిచి ఉంచాలని రెండేళ్లు పిల్లను ఏడిపించి, చివరికి ఏ తలుపులోంచీ వెళ్లే మార్కులు రాకపోతే ఏం లాభం?

లెక్కలసార్
@పొలంగట్టు మీతో పూర్తిగా ఏకీభవిస్తా, లెక్కల మాస్టారినై ఉండీ. ఎంపీసీలో బలవంతంగా చేరి ఫస్టియర్‌లోనే ఫెయిలైన పిల్లల్ని ఏటా చూస్తున్నా. వాళ్లలో చాలామంది చక్కగా బొమ్మలు వేసేవాళ్లు, చక్కగా మాట్లాడేవాళ్లు. హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) చదివి నల్సార్‌కో విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీకో వెళ్లగలిగినవాళ్లు. క్లాట్‌కు గ్రూపుతో పని లేదు. కానీ మన టౌన్లలో హెచ్ఈసీ అంటే ఏ సీటూ దొరకనివాళ్లు చేరేది అన్న చులకన భావం. ప్రైవేటు కాలేజీల్లో ఆ గ్రూపు పెట్టడమే మానేశారు.

అయితే వైరారోడ్డు గారి అమ్మాయికి లెక్కలంటే భయం లేదు. ఆమె విషయంలో మ్యాథ్స్ ఎందుకు వదిలేయాలి అన్నదే నా ప్రశ్న.

ఫ్రిస్కో_పద్మ
డాలస్ దగ్గర ఉంటాం. ఇక్కడి పద్ధతి వేరు, కానీ బాధ ఒకటే కాబట్టి రాస్తున్నా. ఇక్కడ గ్రూపు అనేది ఉండదు, హైస్కూల్ నాలుగేళ్లూ ఏటా ఒక్కో సబ్జెక్టు ఏ స్థాయిలో చదవాలో పిల్లలే ఎంచుకోవాలి. టెక్సస్‌లో 1997లో చట్టం చేశారు, స్కూల్లో పై ర్యాంకుల్లో ఉన్నవాళ్లకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు ఖాయం అని. ఆస్టిన్ యూనివర్సిటీ మాత్రం పరిమితి తగ్గించుకుంటూ వచ్చి 2026 అడ్మిషన్లకు టాప్ 5 శాతానికి తెచ్చింది. ర్యాంకు వెయిటెడ్ జీపీఏతో వేస్తారు. కష్టమైన అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సు తీసుకుంటే పాయింట్లు ఎక్కువ. దాంతో పిల్లలు ఇష్టమైన ఆర్కెస్ట్రానో ఆర్ట్ క్లాసో మానేసి పాయింట్లు వచ్చే కోర్సులు నింపుకుంటున్నారు.

ఇంకో విషయం. పన్నెండులో కాలిక్యులస్ చదవాలంటే ఎనిమిదిలోనే ఆల్జీబ్రా అయిపోవాలి, అంటే ఆరో తరగతిలోనే మ్యాథ్స్ దారి ఖరారవుతుంది. కొత్తగా ఇండియా నుంచి వచ్చిన కుటుంబాలకు ఇది తెలిసేసరికి పిల్ల తొమ్మిదిలో ఉంటుంది. సీటు ఖాయం అన్నా అది యూనివర్సిటీకే, కంప్యూటర్ సైన్స్ బ్రాంచికి కాదు. ఆ పోటీ వేరే.

కొత్తపల్లి_కుర్రాడు
ఆరో తరగతిలోనా! ఆరో తరగతిలో నాకు గోళీలాటలో మాత్రమే ర్యాంకు ఉండేది.

ఎర్రమట్టి
పీఆర్వోల విషయం చెప్పాలి. సీటు బ్లాక్ చేసుకోండి, ఇప్పుడే అడ్వాన్స్ కడితే ఫీజులో తగ్గింపు అంటారు. మా బంధువులు పిల్లాడు పది పరీక్షలు రాయకముందే కట్టారు. తర్వాత వాడు ఎంపీసీ వద్దు, ఎంఈసీ కావాలన్నాడు. ఆ కాలేజీలో ఎంఈసీయే లేదు. కట్టిన డబ్బులు తిరిగి ఇవ్వలేదు. ఆ డబ్బులు పోతాయన్న భయంతో పిల్లాణ్ని ఎంపీసీలోనే కూర్చోబెట్టారు. పిల్లాడి చదువును అడ్వాన్స్ రసీదు నిర్ణయించింది. దయచేసి గ్రూపు తేలేదాకా ఎవరికీ రూపాయి కట్టకండి.

రెండోబెంచి
ఇది వంద శాతం నిజం.

సూర్యాపేట_సునీత
సెకండ్ లాంగ్వేజ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మా వాడికి కాలేజీవాళ్లు అడక్కుండానే సంస్కృతం రాసేశారు, మార్కులు బాగా పడతాయని. పదిదాకా తెలుగు చదివాడు. ఇప్పుడు ఏది మంచిది? అడ్మిషన్లకు తేడా ఉంటుందా?

లెక్కలసార్
ఈఏపీసెట్‌కు తేడా లేదు. 75 శాతం లెక్కలో లాంగ్వేజ్ మార్కులు కలుస్తాయి, అందుకే కాలేజీలు సంస్కృతం వైపు తోస్తాయి. కానీ తెలుగు చక్కగా రాసే పిల్లాడు తెలుగులోనూ తొంభైకి పైగా తెచ్చుకుంటున్నాడు. పన్నెండేళ్లు చదవాల్సిన భాష పదేళ్లకే ఆగిపోతోందని నా బాధ. పిల్లాడికి తెలుగు ఇష్టమైతే మార్పించండి. ఫస్టియర్ అడ్మిషన్ల గడువు లోపు కాలేజీలో రాతపూర్వకంగా అడగండి. గ్రూపు మార్చుకోవాలన్నా మొదటి వారాల్లోనే తేలిక.

నిజాంసాగర్
ఇంకోటి కూడా చూసుకోవాలి. మెడిసిన్ ఆలోచన కొంచెమైనా ఉంటే ఇంటర్ కోసం పిల్లల్ని రాజస్థాన్‌లోని కోటాకో విజయవాడకో పంపేముందు లోకల్ స్టేటస్ గురించి కనుక్కోండి. తెలంగాణలో మెడికల్ లోకల్ కోటా కావాలంటే 9 నుంచి 12 దాకా నాలుగేళ్లు ఇక్కడే చదవాలని 2024లో జీవో 33 ఇచ్చారు. కోర్టుల్లో చాలా నడిచింది, 2025లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. మా కాలనీలో పిల్లల్ని విజయవాడ పంపినవాళ్లు నలిగిపోయారు.

వైరారోడ్డు
అందరి పోస్టులూ మా ఆయనకు చదివి వినిపించా. వరంగల్‌బ్యాచ్ గారి మాట దగ్గర తల ఊపారు, ఐసర్ బాబు చెప్పిన ఫెలోషిప్ దగ్గర రెండోసారి చదవమన్నారు. ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. మ్యాథ్స్ వదలకూడదన్నది ఆయన పట్టు, బయాలజీ వదలకూడదన్నది పిల్ల పట్టు. ఇద్దరిదీ నెగ్గాలంటే పీసీఎంబీయే కనిపిస్తోంది. ఖమ్మంలో ఒక సీబీఎస్ఈ స్కూల్లో ఉందని తెలిసింది, కానీ ఆ సెక్షన్‌లో పిల్లలు చాలా తక్కువట. లేదంటే ఎంపీసీలో చేర్చి బయాలజీ ఎన్ఐఓఎస్‌లో రాయించడం. ఏది నయం?

ఐసర్_మెస్‌హాల్
పీసీఎంబీ ఆంటీ. బయాలజీకి ల్యాబ్ ఉండాలి. ఇంట్లో కూర్చుని పుస్తకం చదివితే మార్కులు వస్తాయేమో, మైక్రోస్కోప్‌లో ఉల్లిపొర చూసిన ఆనందం రాదు. సెక్షన్‌లో పిల్లలు తక్కువుంటే ఇంకా మంచిది, టీచర్ ఒక్కొక్కరినీ పట్టించుకుంటారు.

ఇంకొకటి తనకు చెప్పండి. ఐఐటీ మద్రాస్‌లో 2023 నుంచి బీఎస్ మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజనీరింగ్ అని కోర్సు ఉంది. అదీ ఐఏటీ ర్యాంకుతోనే. డాక్టర్ అవ్వాల్సిన పని లేకుండా వైద్యం వైపు పరిశోధన చేయాలనుకునేవాళ్లకు.

వరంగల్‌బ్యాచ్
ఈ మధ్యేమార్గం నాకూ నచ్చింది. మనసు మార్చుకుంటే కంప్యూటర్స్ ఎటూ పోదు. ఒక్కటే అనుమానం: అయిదు పెద్ద సబ్జెక్టులు, పైన ఎంట్రన్సులు. పిల్ల నలిగిపోదా?

పొలంగట్టు
నలుగుతుంది, అన్ని పరీక్షలూ రాయిస్తే. జేఈఈ, నీట్, ఈఏపీసెట్, ఐఏటీ అన్నీ వద్దు. ఐఏటీ, ఈఏపీసెట్ రెండూ పెట్టుకుంటే చాలు. ఈఏపీసెట్‌లో ఇంజనీరింగ్, అగ్రికల్చర్ రెండూ రాసుకునే వీలుంది కాబట్టి కంప్యూటర్స్, బీఎస్సీ ఏజీ రెండూ చేతిలో ఉంటాయి. నీట్ జోలికి వెళ్లకండి. 2024లో 23 లక్షల మందికి పైగా రాశారు, దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకు. అసలు వద్దనుకున్న పిల్ల ఆ ఒత్తిడిలో ఎందుకు పడాలి?

లెక్కలసార్
పొలంగట్టు గారి సలహాకు నా ఓటు. స్కూల్‌కు వెళ్లినప్పుడు డబ్బు కట్టకముందే మూడు సంగతులు అడగండి. మ్యాథ్స్, బయాలజీ పీరియడ్లు ఒకే సమయంలో వస్తాయా? కొన్ని స్కూళ్లు పేరుకు పీసీఎంబీ అంటాయి, టైంటేబుల్‌లో ఆ రెండూ ఢీకొంటాయి, చివరికి ఒకటి మానుకోమంటారు. బయాలజీకి పర్మనెంట్ టీచర్ ఉన్నారా, ల్యాబ్ తెరిచి చూపిస్తారా? మార్కుల మెమోలో రెండు సబ్జెక్టులూ వస్తాయా? నోటి మాట మీద వదిలేయకుండా రాయించుకోండి.

ఈఏపీసెట్ మన ఇంటర్ బోర్డు సిలబస్ మీద ఉంటుంది. సీబీఎస్ఈ పిల్లలు తేడా ఉన్న చాప్టర్లు విడిగా చదువుకోవాలి, తెలుగు అకాడమీ పుస్తకాలు కొనిపెట్టండి. ఖమ్మంలోనే చదువుతుంది కాబట్టి లోకల్ స్టేటస్‌కు ఇబ్బంది ఉండదు. పదో తరగతి మెమో, టీసీ, ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకోండి, కౌన్సెలింగ్ నాటికి పాత స్కూళ్ల చుట్టూ తిరగడం ఉండదు.

వైరారోడ్డు
టైంటేబుల్ విషయం నాకు అస్సలు తట్టలేదు సార్. సోమవారం వెళ్లి మీరు చెప్పిన మూడూ అడుగుతా.

సూర్యాపేట_సునీత
లెక్కలసార్ గారూ, లాంగ్వేజ్ మార్పుకు దరఖాస్తు ప్రిన్సిపల్‌కే రాయాలా? కాలేజీవాళ్లు గడువు అయిపోయిందంటున్నారు.

లెక్కలసార్
ప్రిన్సిపల్‌కే రాయండి, తేదీ వేసి, స్టాంపు వేయించిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అడ్మిషన్ల చివరి తేదీని బోర్డే ప్రకటిస్తుంది, చాలాసార్లు పొడిగిస్తుంది కూడా. బోర్డు వెబ్‌సైట్‌లో చూసి ఆ ప్రకటన ప్రింట్ పట్టుకెళ్లండి. అయినా వినకపోతే జిల్లా ఇంటర్ విద్యాధికారి ఆఫీసుకు వెళ్లండి.